మాట విన్న అయిదుగురు

బొంబాయి వైద్య పత్రిక వెనక అట్ట లోపలివైపు, కళ్లు చిట్లించి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో, వ్యాసాలు పంపేవాళ్లకు పద్నాలుగు నియమాలు అచ్చు వేశారు. మంజులత వాటిని చదివి చదివి, ఆ కాయితం మడత దగ్గర చిరిగిపోయేదాకా చదివింది. కాయితానికి ఒకవైపే టైపు చెయ్యాలి. వరసకూ వరసకూ మధ్య రెండింతల జాగా వదలాలి. పట్టికలు వేరే కాయితాల మీద ఉండాలి. మూడు ప్రతులు పంపాలి. ఫొటోలు నిగనిగలాడే కాయితం మీదే ఉండాలి. పనిచేసే సంస్థ పెద్ద దగ్గర అనుమతి పత్రం తీసుకుని జతచెయ్యాలి. పద్నాలుగింటిలో ఒక్కటి కూడా నిజమే రాయాలని చెప్పలేదు. అందరికీ తెలిసిందే కదా అని వదిలేశారో, అంత అవసరం లేదని వదిలేశారో ఆమెకు ఆ ఏడాది గడిస్తే గాని తెలియలేదు.

అది 1966. మంజులతకు ఇరవై ఆరేళ్లు. నకిరేకల్‌లో మగ్గం నేసే యాదగిరికి రెండో బిడ్డ. నల్లగొండ నేతవాళ్లు చాలామంది అప్పటికే మిల్లు పనికని బొంబాయి బాట పట్టారు. అట్లా పోయిన మేనమామ పరేల్‌లో ఒక్క గది ఇంట్లో ఉండేవాడు. ఆ గదిలో ఏడుగురి మధ్య చాప వేసుకుని పడుకుంటూ ఆమె ఫిజియోథెరపీ చదివింది. మందు లేకుండా, కోత లేకుండా, కసరత్తుతోనూ కాపడంతోనూ చేతిపనితోనూ పడిపోయిన కండరాన్ని లేపే చదువని చెబితే ఊళ్లో ఒక్కరికీ బుర్రకెక్కలేదు. మాలిష్ చెయ్యడానికి మూడేళ్ల చదువా అని నవ్వారు. ఆమె ఊరుకునే రకం కాదు. నవ్వినవాళ్లలో ఇద్దరికి మెడలు పట్టేసినప్పుడు సరిచేసి, పంపే ముందు ఆ మాట ఇంకోసారి అనమని అడిగింది.

నకిరేకల్ అంగడి వెనక వ్యాపారుల కమిటీ ఒకటి ధర్మ దవాఖాన నడిపేది. దాని పెద్ద డాక్టరు వామనరావు ఆమెను పిలిచి నౌకరీ ఇచ్చాడు, ఒక గది కూడా ఇచ్చాడు. గదిలో ఒక బల్ల, దూలానికి ఒక గిలక, నాలుగు ఇసుక సంచులు, అంతే. ఆ గదికి వచ్చేవాళ్లలో సగం మంది కల్లు గీసే గౌండ్లవాళ్లు. తాడిచెట్టు మీంచి పడి చచ్చిపోయినవాళ్లతో ఎవరికీ పనిలేదు. కాళ్లు పూర్తిగా పడిపోయినవాళ్లను హైదరాబాదు తీసుకుపోయేవాళ్లు. చావకా, బాగుపడకా, నడుము పట్టుకుని మంచానికీ గడపకూ మధ్య బతుకు ఈడ్చేవాళ్లు మాత్రం ఈమె దగ్గరికి వచ్చేవాళ్లు.

ఏడాదిన్నరలో అట్లాంటివాళ్లు ఇరవై రెండు మంది వచ్చారు. ప్రతి ఒక్కరి పేరున ఒక పేజీ తెరిచింది. ముందుకు వంగితే చేతివేళ్లు నేలకు ఎన్ని అంగుళాల దూరంలో ఆగుతున్నాయో టేపుతో కొలిచింది. పడుకుని కాలు ఎత్తితే ఎంతదాకా లేస్తుందో బొంబాయి నుంచి తెచ్చుకున్న స్టీలు కొలబద్దతో కొలిచింది. వారానికి రెండుసార్లు కసరత్తులు చేయించింది. ఇంటి దగ్గర పొద్దున, సాయంత్రం చేసుకోమని నేర్పింది. ఇవన్నీ కాక, మొదటిరోజే ప్రతివాడికీ ఒక హుకుం వేసేది: ముత్తాదు ఇప్పెయ్యాలి. ముత్తాదంటే గీసేవాడు నడుముకు బిగించే దళసరి పట్టీ. కత్తులూ, కల్లు పట్టే లొట్లూ దానికే వేలాడతాయి. అసలే దెబ్బ తిన్న నడుమును బిగించి కడితే కండరం సోమరిదవుతుందని ఆమె నేర్చుకున్న పాఠం. పైగా అది కల్లు వాసన కొట్టేది.

ఇరవై రెండు మందిలో పదిహేడు మంది అయిదు నెలల్లోపు మళ్లీ చెట్టెక్కారు. ఆ అంకెలు చూసుకుని ఆమె పొంగిపోయింది. తన చదువు మీద నవ్విన ఊరి మొహాన కొట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? రాత్రింబవళ్లు కూర్చుని వ్యాసం మొదటి ప్రతి రాసింది. బాగుపడని అయిదుగురి గురించి ఒక్క వాక్యంతో తేల్చేసింది. వాళ్లు ఇంటి దగ్గర కసరత్తు చేసి ఉండరు, శ్రద్ధ లేనివాళ్లు అని. అందులో తప్పేమన్నా ఉందేమోనన్న అనుమానం ఆమెకు రవ్వంత కూడా రాలేదు.

వామనరావు ఆ ప్రతి చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్లుగా గడ్డలు కోసుకుంటూ, తేలుకాట్లకు మందు వేసుకుంటూ, ఏనాటికైనా ఒక పత్రికలో తన పేరు చూసుకోవాలని ఆశపడుతున్న మనిషి. కమిటీ వాళ్లు వచ్చే ఉగాదికి ఈ గదిని కాన్పుల వార్డులో కలిపేయాలని చూస్తున్నారని, ఈ వ్యాసం అచ్చయితే వాళ్ల నోరు మూతపడుతుందని చెప్పాడు. చెబుతూనే పైన ఆమె పేరుకు ముందు తన పేరు రాసుకున్నాడు. ఆమెకు చురుక్కుమంది. కానీ పెద్ద డాక్టరు, గది ఇచ్చినవాడు, లోకం తీరే అంత అనుకుని ఊరుకుంది.

ఇక మిగిలింది ఫొటోలు. నల్లగొండ స్టూడియో ఆయన్ని సోమవారానికి మాట్లాడుకుంది. తన రోగులు ఎక్కువమంది ఉండే తాళ్లగూడెం గౌండ్లవాడకు ఆ సంగతి కబురు కూడా పంపింది. తీరా ఆయనకు సోమవారం పెళ్లి ఫొటోల పని తగిలి, శనివారం పొద్దున్నే కెమెరా పెట్టె మోసుకుని దిగాడు. వచ్చినవాణ్ణి వెనక్కి పంపలేక, ఆమె చెప్పాపెట్టకుండా ఆయనతో కలిసి తాళ్లగూడెం బస్సెక్కింది.

తాళ్లగూడెంలో అండాలు ఇల్లే గౌండ్లవాడకు మొదటిది. అరవై దాటిన మనిషి. మొగుడు కాటమయ్య బతికుండగా మూడుసార్లు చెట్టు మీంచి పడితే మూడుసార్లూ ఆమే లేపి నిలబెట్టిందని, చివరికి ఏదో జ్వరానికి పోయాడని వాడంతా చెప్పుకుంటారు. పడ్డవాణ్ణి మొట్టమొదట చూసేది ఆమే, దవాఖానకు పొమ్మని పంపేదీ ఆమే. ఆ పొద్దున చెట్టెక్కబోయే ముందు ఆమె వాకిట్లో మారయ్య రెండు చేతులతో పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. మంజులత పట్టికలో అతను పద్నాలుగో నంబరు, పూర్తిగా బాగుపడ్డవాడు. అండాలు అతని వెనక మోకాలు ఆనించి, నీళ్లలో నానబెట్టిన ముత్తాదును తుంటి ఎముకల మీదుగా చుట్టి గుంజుతోంది. వెన్ను దగ్గర మడత పెట్టిన గోనెగుడ్డ ఒకటి దూర్చింది. ఊపిరి వదలమంటోంది, మళ్లీ గుంజుతోంది.

మంజులతను చూడగానే మారయ్య పంచె గబగబా పైకి లాక్కున్నాడు. స్టూడియో ఆయన మాత్రం ఇదే ఫొటో కాబోలనుకుని మూడుకాళ్ల స్టాండు పాతేశాడు.

ఎన్నాళ్ల నుంచి కడుతున్నావని ఆమె అడిగితే మారయ్య నేల చూశాడు. జవాబు అండాలు చెప్పింది.

"పడ్డ దినం సంది కడుతనే ఉన్న బిడ్డా. వీనికొక్కనికే గాదు, అందరికి. దవాఖాన గేటు కాడ ఇప్పి సంచిల పెట్టుకొని నీ తానకు వస్తుండిరి. నువ్వు వద్దన్నవ్ గదా, నీ మాట కొట్టేసినట్టు గావొద్దని."

"నాకు అబద్ధం చెప్పిండ్రా అందరు కలిసి?"

"నువ్వు అడుగలే బిడ్డా. ఇప్పమన్నవ్ గని, ఎందుకు కడుతున్నరని ఎన్నడన్న అడిగినవా?"

నిజమే, అడగలేదు. హుకుం వేసింది, అంతే. అండాలు గుంజడం ఆపకుండానే సంగతి చెప్పుకొచ్చింది. ఆ వాడలో ఒక కట్టుబాటు ఉంది. పడ్డవాడు ముత్తాదు విప్పి కొయ్యకు తగిలిస్తే, ఇక చెట్లు వదిలేసుకున్నట్టే లెక్క. వాడి వంతు తాళ్లు, అంటే తాడిచెట్లు, పెద్దలు మిగతావాళ్లకు పంచేస్తారు. అందుకని పడ్డవాడు మంచంలో ఉన్నా సరే, మళ్లీ చెట్టెక్కేదాకా అది నడుమునే ఉంటుంది. ఊరికే ఉంచుకుంటే లాభం లేదని కాటమయ్య మొదటిసారి పడ్డప్పుడు అండాలు దాన్ని తడిపి, కిందికి దింపి, గుడ్డ దూర్చి కట్టి చూసింది. ఆరుతుంటే అది ఇంకా బిగిసింది. పదోనాటికి మొగుడు లేచి కూర్చున్నాడు. అప్పటినుంచి పడ్డ ప్రతివాడికీ అట్లాగే కడుతోంది.

మంజులతకు అప్పుడు అసలు అనుమానం తగిలింది. మరి నిజంగా విప్పేసినవాళ్లు ఎవరున్నారని అడిగింది. అండాలు వేళ్లు మడిచింది. గాలయ్య, మైసయ్య, పక్క ఊళ్లవాళ్లు ముగ్గురు. చెయ్యి పిడికిలి అయింది. సంచిలో ఉన్న పట్టిక తీసి చూసుకోవలసిన అవసరమే లేదు. అవే పేర్లు. బాగుపడని అయిదుగురు.

"నీ మాట ఇన్నోళ్లు గాళ్లే బిడ్డా," అంది అండాలు.

 మంజులతకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గు వచ్చింది. ఆ సిగ్గు చాలా రోజులు పోలేదు. నడుముకు పట్టీ కట్టే వైద్యం బొంబాయిలో లేక కాదు. తెల్లగుడ్డతో, స్టీలు పుల్లలతో, ముందు వైపు లేసులతో పెద్ద దవాఖానల్లో కడతారు. ఆమె కళ్లారా చూసింది. ఆ పట్టీ కొనే శక్తి ఇక్కడ ఎవరికీ లేదని, దాని ఊసే ఎత్తకుండా కసరత్తులతో సరిపెట్టింది. అదే పట్టీ కల్లు వాసనతో, నల్లగా, తన కళ్ల ముందే నడుము మీద ఉంటే విప్పించి పారేసింది. తెల్లగా ఉంటే వైద్యం, నల్లగా ఉంటే మొరటుతనం అని తనకెవరు నేర్పారు? ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది ఆ తెలివి.

ఆ వారమే అండాలును వెంటబెట్టుకుని అయిదుగురి ఇళ్లకూ పోయింది. నేను చెప్పింది తప్పు అని ఒక్కొక్కరి మొహం మీదే చెప్పింది.  మైసయ్య తిట్టాడు. తిట్టిన తర్వాత కట్టించుకున్నాడు. పక్క ఊళ్ల ముగ్గురూ మారు మాట్లాడకుండా కట్టించుకున్నారు. గాలయ్య ఒక్కడే ఒప్పుకోలేదు. ముప్పై రెండేళ్లవాడు, పడి పద్నాలుగు నెలలైంది. అతని వంతు తాళ్లు పదకొండు, ఎప్పుడో పంచేసుకున్నారు. అతని తల్లి ఉప్పలమ్మ మంచినీళ్లిచ్చి, నీ మాటే వేదమనుకున్నడమ్మా, అంది. గాలయ్య మాత్రం మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నా ఇటు తిరగలేదు.

ఇంటికొచ్చి మొదటి ప్రతిని చింపేసింది. మళ్లీ మొదటినుంచి రాసింది. కట్టూ కసరత్తూ రెండూ చేసిన పదిహేడు మంది ఒకవైపు, కసరత్తు మాత్రమే చేసిన అయిదుగురు ఒకవైపు. కట్టు ఎట్లా కట్టాలో రాయడానికి అండాలును పిలిపించి తన నడుముకే కట్టించుకుంది. పట్టీ ఎంత వెడల్పు, ఎన్ని చుట్లు, ఎక్కడ ముడి, గుడ్డ మందం ఎంత, ఎంతసేపట్లో ఆరుతుంది, ఆరితే ఎంత బిగుస్తుంది, అన్నీ కొలిచి రాసుకుంది. కట్టు విప్పాక చూసుకుంటే రెండు తుంటి ఎముకల మీదా ఎర్రటి చారలు. అవి కూడా రాసింది. చివర ఒక పేరా పెట్టింది. "ఈ అయిదుగురు అశ్రద్ధ చేసినవారు కారు. చెప్పిన మాట అక్షరాలా విన్నవారు. వారు లేవకపోవడానికి కారణం నేను ఇచ్చిన సలహా." ఇంగ్లీషులో ఆ మూడు వాక్యాలు రాయడానికి ఆమెకు ఒక రోజంతా పట్టింది.

పైన రచయితల పేర్ల దగ్గర రెండు పేర్లు రాసింది. మంజులత, అండాలు.

కొత్త ప్రతి తీసుకుని వామనరావు దగ్గరికి పోయింది. ఆయన చదివినంతసేపూ ఆమె నిలబడే ఉంది. ఇది పంపితే గది పోతుందని, నౌకరీ పోతుందని, దవాఖానలో తప్పు జరిగిందని దవాఖానవాళ్లమే చాటింపు వేసుకోవడం ఎక్కడా లేదని ఆయన అన్నాడు. అండాలు అంటే ఎవరు, ఏ కాలేజీ అని అడిగాడు. గౌండ్ల అండాలని చెబితే కాయితాలు బల్ల మీద పెట్టేసి కాసేపు కిటికీలోంచి అంగడి వైపు చూశాడు. తర్వాత బుజ్జగింపుకు దిగాడు.

"సరే, నా పేరు తీసేసినవ్, మంచిది. కట్టు సంగతి రాయి, ఎవరొద్దన్నరు? నేనే అనుమతి రాసిస్త. ఆ అయిదుగురి ముచ్చట ఒక్కటి తీసెయ్యి. వాళ్లు లేకుంటే పదిహేడు మందికి పదిహేడు మంది బాగైనట్టు. ఎంత ముద్దుగుంటది చెప్పు."

నిజానికి ఆ ఒక్క నిమిషం ఆమె మనసు లాగింది. పదిహేడుకు పదిహేడు. గది ఉంటుంది, నౌకరీ ఉంటుంది, తప్పు చేసిన సంగతి బొంబాయిలో పుస్తకాలు రాసే పెద్దలకెవరికీ తెలియదు. గాలయ్య ఎట్లాగూ గోడవైపే తిరిగి ఉన్నాడు.

"ఆ అయిదుగురు లేకుంటే కట్టు పనిచేసిందని మనకెట్ల తెలుస్తది సార్?" అంది. "వాళ్లు లేవలేదు కాబట్టే కట్టు మంచిదని తెలిసింది. సాక్ష్యం వాళ్లది. వాళ్లను తీసేసి వాళ్ల సాక్ష్యం వాడుకోను."

అయితే నా సంతకం లేదు పో అన్నాడు ఆయన. సరే సార్ అని కాయితాలు తీసుకుని వచ్చేసింది. నల్లగొండలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చుని, కార్బన్ పెట్టి మూడు ప్రతులు తానే కొట్టింది. నియమాల ప్రకారం ఒకవైపే, రెండింతల జాగా వదిలి. ఫొటోల్లో ఒకటి, అండాలు వాకిట్లో మారయ్య గుంజ పట్టుకుని నిలబడ్డది. స్టూడియో ఆయన ఏ ఉద్దేశంతో తీశాడో గాని, అండాలు మోకాలూ చేతులూ దాంట్లో స్పష్టంగా పడ్డాయి. అనుమతి పత్రం ఉండాల్సిన చోట తెల్లకాయితం పెట్టి, అనుమతి అడిగాను, ఇవ్వలేదు, ఎందుకివ్వలేదో వ్యాసం చదివితే తెలుస్తుంది అని రాసి సంతకం పెట్టింది. రిజిస్టర్ చేసి పంపింది.

ఉగాదికి కమిటీ గది మూసేసింది. తాళంచెవి తీసుకోవడానికి వామనరావే వచ్చాడు. ఆమె మొహం చూడలేక, ఇసుక సంచులు తీసుకుపో, అవి నువ్వు కుట్టినవే కదా అన్నాడు. ఆమె నాలుగు సంచులూ భుజాన వేసుకుని అంగడి మధ్య నుంచి నడిచి ఇంటికి పోయింది. నౌకరీ పోయిందని అడిగినవాళ్లకల్లా పోయిందనే చెప్పింది. ఇంట్లో బాపు యాదగిరి ఆ ఏడే ఒక మగ్గం అమ్మేశాడు, మిల్లు గుడ్డ ముందు నిలవలేక. ఆ మగ్గం గుంట పూడ్చి, చదును చేసి, అక్కడ ఒక బల్ల వేసి ఇచ్చాడు. మొదటి వారమే తాళ్లగూడెం నుంచి ముగ్గురు వచ్చారు. ముత్తాదులు నడుముకే ఉన్నాయి.

బొంబాయి నుంచి జవాబు మృగశిరకు వచ్చింది. సంపాదకుడు మర్యాదస్థుడు. కట్టు గురించిన భాగం విలువైనదన్నాడు, పట్టికలు శుభ్రంగా ఉన్నాయన్నాడు. రెండే మార్పులు చేస్తే అచ్చు వేస్తామన్నాడు. చదువు అర్హత లేని రెండో రచయిత పేరు పైనుంచి తీసి చివర కృతజ్ఞతల్లో పెట్టాలి. అయిదుగురి గురించిన పేరా తీసెయ్యాలి. ఇప్పుడిప్పుడే కాళ్లూనుతున్న మన వృత్తి మీద జనం నమ్మకాన్ని అది దెబ్బతీస్తుంది అని రాశాడు.

ఆమె ఆ ఉత్తరం పట్టుకుని తాళ్లగూడెం పోయి అండాలుకు తెలుగులో చెప్పింది. పేరు సంగతి విని అండాలు నవ్వింది. నా పేరు కాయితం మీద ఉంటే నాకేమొస్తది, తీసేసుకోమను అంది. పేరా సంగతి వినగానే నవ్వు ఆపింది.

"అది తియ్యొద్దు. గా ముచ్చట తీసేస్తే, ఇంకో ఊర్ల ఇంకో పిల్ల, నీ అసుంటిదే, సదువుకొని వస్తది. మల్ల ఇప్పిస్తది."

మంజులత ఆ సాయంత్రమే జవాబు రాసింది. పేరాలో ఒక్క అక్షరం తియ్యను. రెండో రచయిత తన పేరు పోయినా ఫికర్ లేదంటోంది, కానీ నేను తియ్యను, కట్టు ఆమెది కాబట్టి. అచ్చు వేస్తే మొత్తం వెయ్యండి, లేకపోతే మూడు ప్రతులూ తిప్పి పంపండి, కార్బన్ కాయితం ధర ఎక్కువైంది. చివరి మాట రాసినందుకు తర్వాత కొంచెం నాలిక కరుచుకుంది గాని, కొట్టెయ్యలేదు.

ఆరు నెలలు ఏ ఉలుకూ పలుకూ లేదు. ఆశ వదిలేసుకున్నాక, సంక్రాంతి దాటిన వారానికి, గోధుమరంగు కాయితంలో చుట్టిన పత్రిక వచ్చింది. ముప్పై ఒకటో పేజీ. పైన రెండు పేర్లు. పేరా మొత్తం ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో, రచయితల అభిప్రాయాలతో సంపాదకవర్గం ఏకీభవించనవసరం లేదు అని ఒక గీత కింద వేశారు. ఆమె పెద్దగా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. యాదగిరి ఏం అర్థమైందో ఏమో, పత్రికను అటూ ఇటూ తిప్పి, అచ్చు బాగుంది బిడ్డా అన్నాడు.

మర్నాడు అండాలుకు చూపించింది. ఇది నీ పేరని వేలు పెట్టి చూపిస్తే అండాలు ఆ నల్లటి చుక్కల మీద బొటనవేలు ఆనించి చూసుకుంది. పేరాలో ఏముందో మళ్లీ చెప్పించుకుంది. అప్పుడు అడిగింది.

"తప్పు నీది, కట్టు నాది. మన పేర్లు ఎక్కినయి. నడుము గాలయ్యది గదా. వాని పేరేది?"

రోగుల పేర్లు అచ్చు వెయ్యరని, అది నియమమని మంజులత చెప్పింది. చెబుతుంటే ఆ మాట తన చెవికే చప్పగా వినిపించింది. అండాలు కుండలోంచి ముంత ముంచుకుని మంచినీళ్లు తాగింది.

మంజులత ఆమె దగ్గర ఒక ముత్తాదు అడిగి సంచిలో పెట్టుకుని, అక్కణ్ణుంచి నేరుగా గాలయ్య ఇంటికి పోయింది. ఉప్పలమ్మ పీట వేసింది. గాలయ్య గోడవైపే ఉన్నాడు. ఆమె పత్రిక తెరిచి ఆ మూడు వాక్యాలు ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చదివింది. చెప్పిన మాట విన్నవారు అన్న చోట గాలయ్య భుజం కదిలింది. ఇంకోసారి చదవమన్నాడు. చదివింది.

"గిది బొంబాయిల అందరు సదువుతరా?" అన్నాడు, ఇటు తిరగకుండానే.

"చదువుతరు. ఇప్పుడు ఇంకోటి రాస్త గాలన్నా. రెండేళ్లు మంచంలున్న నడుముకు కట్టు పనిచేస్తదా లేదా అని. నువ్వొప్పుకుంటే దాంట్ల రాసినోళ్ల పేర్లల్ల మొదటి పేరు నీదే. ఒప్పుకోకుంటే రాయను."

 బయట ఉప్పలమ్మ పొయ్యి ఊదుతున్న చప్పుడు వినబడుతోంది.

"నేను లేవకపోతే?"

"లేవలేదనే రాస్త."

"గట్లనే రాస్తవా? పెద్దోళ్లు వద్దన్నా?"

"వద్దన్నా రాస్త. ఇదివరకు వద్దన్నరు. రాసిన."

గాలయ్య మంచం పట్టె పట్టుకుని, పళ్లు బిగబట్టి, మెల్లగా ఇటు తిరిగాడు. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. ఆమెను ఎగాదిగా చూశాడు. ఆమె సంచిలోంచి ముత్తాదు తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ముందు కొలువు," అన్నాడు. "నా నడుము ఇయ్యాల ఎట్లున్నదో రాసుకున్నంకనే కట్టు. రేపు ఎవడన్న అబద్ధమనకుండ."

మంజులత ఉప్పలమ్మను లోపలికి పిలిచి, ఇద్దరూ చెరో వైపు పట్టుకుని నిలబెట్టారు. అతను వంగినంత వంగాడు, చెమటలు కారుతుంటే ఇంకొంచెం వంగాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని అతని వేలికొస నుంచి నేలదాకా టేపు పట్టింది. ఇరవై మూడు అంగుళాలు. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి, పైన గాలయ్య అని రాసి, కింద ఆ అంకె వేసి, అతనికి చూపించింది.